శ్రీ గాడిచర్ల హరిసర్వోత్తమరావుగారు: ఒక వ్యాసమునకై మూడేండ్ల చెర

మన సంఘ వార్షిక మహాసభా సంచికయందు ఒక మహనీయుని జీవితమును ప్రకటించుట చిరకాలముగా వచ్చుచున్న ఆచారము. ఈ యేడు ఆ భారమును కార్యవర్గమువారు ఈ వృద్ధోపాధ్యాయునిపై నుంచిరి. ఇట్టి సంచికలలో సాధారణముగా స్వకులమున జన్మించి కీర్తి గడించినవారినే స్మరింతుము. అది దోషము కాదు; పితృఋణము తీర్చుకొనుటయే. అయినను కొందరు పురుషులు ఒక సీమకంతకును పెద్దలు. వారిని ఏ కులమువారును తమ యింటి పెట్టెలో దాచుకొనజాలరు. అట్టివారిలో ఒకరైన గాడిచర్ల హరిసర్వోత్తమరావుగారి చరిత్రమును, విశేషించి తాము ప్రకటించిన యొక వ్యాసమునకై న్యాయస్థానము నెదుట నిలువబడి చెరసాల కేగిన వృత్తాంతమును ఇందు విన్నవింపదలచితిని. జమ్మలమడుగు, ప్రొద్దుటూరు, పులివెందుల ప్రాంతములవారికి ఆయనతో గల సంబంధము నేటి పిల్లలలో పలువురకు తెలియదు. అది తెలుపుటయు నా యుద్దేశములలో నొకటి.

గాడిచర్లవారి పూర్వుల స్వస్థలము మన పులివెందుల సీమలోని సింహాద్రిపురము. ఆయన 1883 సెప్టెంబరు 14వ తేదీని కర్నూలునందు జన్మించిరి. తండ్రి వెంకటరావుగారు, తల్లి భాగీరథీబాయిగారు. కుటుంబము మిక్కిలి పేదది. కర్నూలు, గుత్తి, నంద్యాల పట్టణములలో చదువు సాగించి, పిదప మదరాసు చేరి 1906లో ఎం.ఏ. పట్టమును పొందిరి. ఆ కాలమున దత్తమండలములనుండి అంతటి చదువు చదివినవారు వేళ్లమీద లెక్కింపదగినంతమందియే. సర్కారు కొలువు కోరినచో దొరకకపోవుట యనునది లేదు. కాని ఆయన దృష్టి వేరొక దిక్కునకు మరలెను. కొమఱ్ఱాజు లక్ష్మణరావుగారు మొదలగువారు 1906లో స్థాపించిన విజ్ఞానచంద్రికా గ్రంథమండలికి తొలి గ్రంథముగా 1907లో వెలువడినది గాడిచర్లవారు రచించిన అబ్రహాము లింకను చరిత్రము. ఇరువదినాలుగేండ్ల యువకుడు తెలుగువారికి మొదట చెప్పదలచిన కథ బానిసలను విడిపించిన వానిది యనుట గమనింపదగిన విషయము.

ఆ యేడే ఆయన ఉపాధ్యాయ శిక్షణకై రాజమహేంద్రవరము కళాశాలలో చేరియుండిరి. వంగదేశ విభజనచే రగిలిన వందేమాతరోద్యమము అప్పటికి ఆంధ్రదేశమును తాకెను. 1907 ఏప్రిలులో బిపినచంద్రపాలుగారు రాజమహేంద్రవరమునకు వచ్చి ఉపన్యసింపగా విద్యార్థులు ఉప్పొంగిపోయిరి. వందేమాతర చిహ్నములను రొమ్ములపై ధరించి తరగతులకు పోయిరి. కళాశాలాధ్యక్షుడైన మార్కు హంటరుగారు దానిని నిషేధించిరి. విద్యార్థులు వినలేదు. వారిలో ముందు నిలిచిన హరిసర్వోత్తమరావుగారు కళాశాలనుండి బహిష్కృతులైరి. సర్కారు కొలువునకు ద్వారము మూతపడెను. ఉపాధ్యాయుడు కాబోవుచుండిన వానిని ఒక చిన్న గుడ్డపీలిక పత్రికాసంపాదకునిగా మార్చినది. ఉపాధ్యాయవృత్తి ఒక మంచి మనుష్యుని కోల్పోయెనని నేననను. ఆయన జీవితాంతము ఉపాధ్యాయుడే. తరగతిగది మాత్రమే మారెను.

1908లో ఆయన బెజవాడనుండి స్వరాజ్య యను వారపత్రికను నడపసాగిరి. ఆ పేరును అచ్చువేయుటయే అప్పట్లో సాహసము. ఏలయన, పత్రికాకర్తల శిరస్సులపై శిక్షాస్మృతిలోని 124-ఏ యను సెక్షను వ్రేలాడుచుండెను. 1870లో చేర్చబడిన ఆ సెక్షను ప్రకారము, ప్రభుత్వముపై ప్రజలకు వైమనస్యము కలుగునట్లు వ్రాసినను పలికినను అది రాజద్రోహము. 1897లో బాలగంగాధర తిలకుగారిని శిక్షించిన పిదప, 1898లో ద్వేషము, తిరస్కారము అను పదములనుగూడ చేర్చి దాని వలను మరింత విశాలము గావించిరి. ప్రభుత్వ చర్యలను మర్యాదగా విమర్శింపవచ్చునని దానికొక వివరణము తగిలింపబడియుండెను. కాని మర్యాద ఎచ్చట ముగియునో, ద్వేషమెచ్చట ప్రారంభమగునో నిర్ణయించువారు పాలకుల న్యాయాధిపతులే. అభియోగమునకు అనుమతి నిచ్చునది ఎవరిని విమర్శించిరో ఆ ప్రభుత్వమే.

1908 మార్చిలో దక్షిణదేశమున తిరునల్వేలియందు ఘోరము జరిగెను. తూత్తుకుడిలో స్వదేశీ నౌకాసంఘమును నెలకొల్పిన వి.ఓ. చిదంబరం పిళ్లగారిని, సుబ్రహ్మణ్య శివగారిని నిర్బంధింపగా, మార్చి 13వ తేదీని ప్రజలు తిరుగబడిరి. కాల్పులు జరిగి జనులు మరణించిరి. ఆ వార్త బెజవాడకు చేరగానే స్వరాజ్యలో విపరీతబుద్ధి యను శీర్షికతో ఒక వ్యాసము వెలువడెను. అందు పాలకుని క్రూరమైన పరదేశవ్యాఘ్రముతో పోల్చి, నిరపరాధులను పొట్టనబెట్టుకొంటివని నిలవేసిరి. వ్యాసము చిన్నది. దాని ఫలము పెద్దది. హరిసర్వోత్తమరావుగారును, ఆయన సహచరులగు బోడి నారాయణరావుగారును రాజద్రోహమను నేరముపై విచారణకు గురియైరి.

ఇచ్చట సంస్కృతాంధ్రములు బోధించిన వానిగా నొక మాట మనవి చేయుదును. విపరీతబుద్ధి యను పదము వినగానే తెలుగువాడు దానికి ముందుండవలసిన వినాశకాలమును తానే తలచుకొనును. అది తిట్టు కాదు, హెచ్చరిక. చెడిపోవుచున్న బంధువునకు ఇంటి పెద్ద చెప్పదగిన మాట. కాని ఇట్టి అభియోగములలో దేశభాషావ్యాసము ఆంగ్లములోనికి మారి న్యాయస్థానమునకు చేరుచుండెను. ఆ ప్రయాణములో హెచ్చరిక జారిపోయి వ్యాఘ్రమొక్కటియే మిగులును. ఒక భాషలోని పదమునకు వేరొక భాషలో శిక్ష వేయుట పరపాలనమునందలి చిత్రములలో నొకటి. పదము తన యింట ఏమి పలుకునో తెలియనివాడు దాని దోషమును తూచలేడు గదా.

మొదటి న్యాయస్థానము స్వల్పమైన శిక్షనే విధించెను. ప్రభుత్వమునకు అది చాలలేదు. మదరాసు ఉన్నత న్యాయస్థానమువరకు పోగా, గాడిచర్లవారి శిక్ష మూడేండ్ల కఠిన కారాగారముగా పెరిగినది. ద్వీపాంతరవాసమును విడిచినచో 124-ఏ క్రింద విధింపదగిన కారాగారశిక్షకు మూడేండ్లే పరమావధి. అనగా ఇరువదియైదేండ్ల సంపాదకునకు, తొలి పత్రికకు, ఒక్క వ్యాసమునకు, ఆ కొలమానముపై ఉన్నదంతయు కొలిచి యిచ్చిరన్నమాట. అదే సంవత్సరము జులై 22వ తేదీని బొంబాయి ఉన్నత న్యాయస్థానమున తిలకుగారికి ఆరేండ్ల ద్వీపాంతర శిక్ష పడెను. ఆయనను మాండలేకు పంపిరి. అందుచేతనే కాబోలు, తరువాతి తరమువారు గాడిచర్లవారిని ఆంధ్రతిలకుడని పిలుచుకొనిరి. ఆంధ్రులలో రాజకీయ కారణమున చెరకేగినవారిలో ఆయన ప్రథములని ప్రసిద్ధి.

ఆయనను రాయవేలూరు కారాగారమున నుంచిరి. రాజకీయ ఖైదీలకు వేరు తరగతి యను నేర్పాటు అప్పటికి లేదు. ఎం.ఏ. చదివిన సంపాదకుడు బందిపోటు దొంగల నడుమ దినములు గడపెను. కాలికి చేతికి గొలుసులు, మొలకు కొద్దిపాటి గుడ్డ, ముతక కంబళి, తినుటకు మట్టిచిప్ప, ఇవియే ఆయన సంపద. తరువాతి కాలమున చెరకేగిన నాయకులకు పుస్తకములు, లేఖలు, పూలమాలలు లభించినవి. ఈ తొలి ఖైదీ వెంట నడచుటకు ఉద్యమమే ఇంకను పుట్టలేదు. ముందు నడచువానికి దారియుండదు. అతని పాదముద్రలే వెనుకవారికి దారి.

1911లో ఆయన విడుదలయై వచ్చునప్పటికి దేశమునందలి పత్రికల గతి మరింత హీనముగా నుండెను. 1910వ సంవత్సరపు ముద్రణశాసనము క్రొత్తగా అచ్చుకూటము పెట్టువానినుండి 500 మొదలు 2,000 రూపాయలవరకు ధరావతు కోరుటకు అధికారులకు వీలు కల్పించినది. అచ్చయిన మాట నచ్చనియెడల ధరావతు సర్కారు పాలగును. పాత సెక్షను సంపాదకుని శరీరమును బంధించినది. క్రొత్త శాసనము పత్రిక మూలధనమును బంధించినది. పేదవాని పత్రికకు రెండవదే ప్రాణాంతకము. 1922లో ఆ శాసనమును రద్దుచేయువరకు ఎన్ని పత్రికలు దానివలన గొంతు మూసుకొనెనో దేశచరిత్ర చదివినవారెరుగుదురు.

ఇంతటి అనుభవము తరువాత మరియొకడైనచో కలము విడిచి ఏదేని వ్యాపారములో తలదాచుకొనియుండును. గాడిచర్లవారు విడువలేదు. కాశీనాథుని నాగేశ్వరరావుగారి ఆంధ్రపత్రికయందు పనిచేసిరి. హోంరూలు ఉద్యమమున పాల్గొనిరి. మాతృసేవ, కౌముది మొదలగు పత్రికలతో వారి పేరు ముడిపడియున్నది. ఆయన ధర్మపత్ని రమాబాయిగారు స్త్రీలకై సౌందర్యవల్లి యను పత్రికను నడపిరి. మగవాని కలమునకే వేయి కండ్లు కాపలాయున్న దినములలో ఒక గృహిణి పత్రిక నడపుట ఎంతటి నిబ్బరమో మన సోదరీమణులు గ్రహింతురుగాక.

మన సీమకు గల పేరుతోను ఆయనకు సంబంధము కలదు. 1800లో నిజాముగారు కుంపిణీవారికి ధారవోసిన జిల్లాలగుటచే వీనిని దత్తమండలములని పిలుచుచుండిరి. ఒకరు వేరొకరికి ఇచ్చివేసిన వస్తువు పేరిట మనుష్యులు జీవించుట అవమానమని తలచినవారు 1928లో నంద్యాలయందు సభచేరి రాయలసీమ యను నామమును గ్రహించిరి. ఆ నామకరణమునకు కారకులుగా కొందరు గాడిచర్లవారిని, కొందరు చిలుకూరి నారాయణరావుగారిని చెప్పుదురు. ఇరువురును పూజ్యులే. ఆ పేరు నేడు మన నోట నున్నదనుటయే ప్రధానము. పదమునకై చెర ననుభవించినవారికి పదము విలువ తెలియును. అందుచే ఆయన పేరు ఈ సందర్భమున స్మరణకు వచ్చుట యుక్తమే.

జీవితపు ఉత్తరార్ధమును ఆయన గ్రంథాలయములకును వయోజనవిద్యకును ధారపోసిరి. ఆంధ్రదేశ గ్రంథాలయ సంఘమునకు చాలకాలము అధ్యక్షులుగా నుండిరి. అయ్యంకి వెంకటరమణయ్యగారు మొదలగువారితో కలిసి, పల్లెపల్లెకు పుస్తకము చేరవలెనని శ్రమించిరి. చదువురాని పెద్దలకు రాత్రిబడులు పెట్టవలెనని బోధించిరి. ఇది ఆయన పూర్వజీవితమునకు భిన్నమైన పనియని కొందరనుకొందురు. నాకట్లు తోచదు. వ్రాయువానికి స్వాతంత్ర్యమున్నను చదువువాడు లేనిచో ఆ స్వాతంత్ర్యము ఎండిన ఏటిలో నావ వంటిది. మొదట వ్రాయు హక్కునకై చెరకేగిన మహానుభావుడు, పిదప చదువు శక్తిని ప్రజలకు కూర్చుటకై తిరిగెను. రెండును ఒక్క వ్రతమే. 1960 ఫిబ్రవరి 29వ తేదీని ఆయన పరమపదించిరి. విజయవాడయందలి సర్వోత్తమ గ్రంథాలయము ఆయన పేరును నిలుపుచున్నది.

ఆయనను చెరకంపిన సెక్షను మాత్రము ఆయనతో మరణింపలేదు. 1950లో రాజ్యాంగము భావప్రకటన స్వాతంత్ర్యమును ప్రాథమిక హక్కుగా ప్రకటించినది. ఆ యేడే మే నెలలో, మదరాసు ప్రభుత్వము క్రాస్ రోడ్స్ అను బొంబాయి వారపత్రికను తన రాష్ట్రమునకు రానీయక నిషేధింపగా, రమేశ్ థాపర్ కేసున సుప్రీంకోర్టు ఆ నిషేధమును కొట్టివేసెను. మరుసటి యేడే రాజ్యాంగమును సవరించి, శాంతిభద్రతల పేరిట ఆ హక్కునకు క్రొత్త పరిమితులను చేర్చిరి. 1962లో కేదారనాథ్ సింగ్ కేసున సుప్రీంకోర్టు 124-ఏ సెక్షనును నిలిపియుంచుచు, హింసకు పురికొల్పునట్టి, అశాంతిని కలిగింపబూనునట్టి మాటలకే అది వర్తించునని దాని కోరలను కొంత తరిగెను. 2022 మేలో ఆ సెక్షను క్రింద క్రొత్త కేసులు పెట్టక నిలిపియుంచవలెనని ఆదేశించినది. 2024 జులై 1వ తేదీనుండి పాత శిక్షాస్మృతి పోయి భారతీయ న్యాయసంహిత అమలులోనికి వచ్చెను. అందు రాజద్రోహమను పేరు లేదు. దేశసార్వభౌమత్వమునకును ఐక్యతకును భంగము కలిగించు చర్యలనుగూర్చి 152వ సెక్షను కలదు. పేరు మారినంతనే స్వభావము మారునో మారదో, దానిని ప్రయోగించు చేతులను బట్టి తేలవలసియున్నది.

ఈ సందర్భమున పెద్దలు కొందరు ఒక ప్రశ్న వేయుదురు. పత్రికలకు అంతటి స్వేచ్ఛ యిచ్చినచో మన యిండ్లలోని సంగతులుకూడ వీధిన పడవా యని. ప్రశ్న న్యాయమైనదే. దీనికిని న్యాయస్థానములు సమాధానము వెదకినవి. మదరాసునుండి వెలువడు నక్కీరన్ పత్రిక, ఉరిశిక్ష పడిన ఖైదీ యొకడు వ్రాసుకొనిన జీవితచరిత్రను ప్రకటింపబోగా, అందు తమవారి పేర్లున్నవను భయముచే అధికారులు అడ్డుపడిరి. 1994లో సుప్రీంకోర్టు ఆ కేసున రెండు గీతలు గీచినది. మొదటిది: ఒకని వివాహము, సంతానము, గృహము మొదలగు సొంత విషయములను అతని సమ్మతి లేక ప్రకటించుట గోప్యతాభంగము. రెండవది: బహిరంగ దస్త్రములలోని విషయములకును, అధికారులు తమ విధినిర్వహణమున చేసిన పనులకును ఆ తెర వర్తింపదు, ప్రభుత్వము ముందుగానే ప్రచురణ నాపజాలదు. అత్యాచారమునకు గురియైన స్త్రీల పేర్లు దస్త్రములలో నున్నను ప్రకటింపరాదని ఒక మినహాయింపునుగూడ చెప్పినది. 2017లో తొమ్మండుగురు న్యాయమూర్తుల ధర్మాసనము వ్యక్తిగత గోప్యత ప్రాథమిక హక్కేయని తీర్మానించెను.

ఈ గీతలపై గాడిచర్లవారి వ్యాసమును నిలిపి చూడుడు. ఆయన ఎవని యింటి కిటికీలోనికి తొంగిచూడలేదు. ఎవని ఆలుబిడ్డల ప్రసక్తి తేలేదు. పట్టపగలు, నడివీధిన, సర్కారు తుపాకులు చేసిన పనినిగూర్చి వ్రాసిరి. మాట పరుషమైనది నిజమే. కాని విషయము ప్రజలది. ఇంటి తలుపు మూయు హక్కు మనుష్యునిది. కచేరీ తలుపు మూయు హక్కు ఎవనికిని లేదు. ఈ రెంటికిని భేదము తెలిసినవాడే పత్రిక నడపవలెను, అది తెలిసినవాడే పదవిలో కూర్చుండవలెను.

ఇంత చెప్పిన నేను ఒక తప్పు ఒప్పుకొనకున్నచో ఈ వ్రాత కపటమగును. చాలయేండ్ల క్రిందట నేను పనిచేసిన యొక పాఠశాలలో పిల్లలచే గోడపత్రిక వ్రాయించుచుంటిని. పదవ తరగతి బాలుడొకడు, త్రాగునీటి తొట్టి నెలలతరబడి కడుగబడలేదని నాలుగు పంక్తులు వ్రాసి అంటించెను. వ్రాసినది నిజము. అందు ఎవరి పేరును లేదు. అయినను పైవారికి కోపము వచ్చునను భయముచే, ఎవరును చెప్పకమునుపే నా చేతితో నేనే ఆ కాగితమును చింపితిని. కొలది దినములకే గాడిచర్లవారి చరిత్రమును ఆ తరగతికే చెప్పవలసివచ్చినది. ఆ బాలుడు మొదటి వరుసలో కూర్చుండి విన్నాడు. ఏమియు అడుగలేదు. ఆ మౌనము నాకు పడిన శిక్ష. తెల్లదొర లేకున్నను, సెక్షను లేకున్నను, మనలోని భయమే మన పత్రికలను ముందుగా పరీక్షించు అధికారియగునని ఆనాడు తెలిసికొంటిని.

కావున సంఘసభ్యులకును, వదాన్యులగు పోషకులకును నా విన్నపమిది. మన సంఘము వసతిగృహములు కట్టవచ్చును, విద్యార్థివేతనము లియ్యవచ్చును. వానితోపాటు మన మూడు పట్టణములలోను ఒక్కొక్క పఠనమందిరము నెలకొల్పి, అన్ని పక్షముల పత్రికలను అందుంచుడు. ఏటేట మన జమాఖర్చులను ఈ సంచికలోనే అచ్చువేయుడు. దానినిగూర్చి యువకుడెవడేని ప్రశ్న వ్రాసి పంపినచో, అతని కులగోత్రములు విచారింపక, అతని యింటి సంగతులు ఎత్తక, ప్రశ్నకు ఉత్తరము వ్రాయుడు. సభ్యుల కుటుంబ వివాదములు మన యొద్దకు వచ్చినచో వానిని మాత్రము గుండెలో దాచుడు. ప్రజల సొమ్మునుగూర్చిన మాట బయటనుండవలెను; ఇంటి కన్నీటినిగూర్చిన మాట లోపలనుండవలెను.

సింహాద్రిపురము మనకు దూరము కాదు. సెలవు దినమున పిల్లలను వెంటబెట్టుకొని పోయి, ఒక వ్యాసమునకై మూడేండ్లు గొలుసులు మోసిన మనుష్యుని పూర్వుల యూరు ఇదియని చూపుడు. చూపి యూరకుండక, వారిచే ఏదేని నిజము నాలుగు పంక్తులు వ్రాయించుడు. ఆ కాగితమును మాత్రము చింపకుడు.

శుభం భూయాత్.